డాక్టరమ్మకు మాట రాలేదు

నేను హైదరాబాద్‌లో మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్ థియేటర్ నన్నెన్నడూ ఇబ్బంది పెట్టలేదు. రోగి రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ పల్స్ ఆక్సీమీటర్ కూత మంద్రానికి దిగుతుంది, ఆ దిగుడు అందరికంటే ముందు నా చెవికే అందేది. నన్ను పడగొట్టింది థియేటర్ బయటి వరండా.

రెండేళ్ల క్రితం సిబ్బంది చాలక, ఐసీయూ రోగుల బంధువులతో మాట్లాడే బాధ్యత కూడా నాకు అప్పగించారు. ఎవరి ముఖం ఎంతసేపు చూడాలో, ఎక్కడ ‘అయ్యో’ అనాలో ముందురోజు రాత్రే వల్లె వేసుకుని వెళ్లేదాన్ని, ఇంటికొచ్చాక లైటు వేయకుండా నేలమీద కూర్చుండిపోయేదాన్ని. నాలుగు నెలల తరువాత ఒక మధ్యాహ్నం ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, “డాక్టరమ్మా, మా ఆయన కళ్లు తెరిచాడా?” అని అడిగింది. తెరిచాడు. ఆ ఒక్క మాట చెప్పబోతే గొంతు పెగల్లేదు. పక్కన స్ట్రెచర్ చక్రం కీచుమంటోంది, నా మౌనాన్ని చూసి ఆవిడ ముఖం పాలిపోతోంది. కేసుషీటు వెనుక (అలా రాయకూడదని తెలుసు) ‘బాగున్నాడు’ అని రాసి చూపించాను. ఆవిడకు చదువు రాదు. సిస్టర్ వచ్చి చదివి చెప్పేదాకా గడిచిన ఆ నిమిషానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మొదట డిప్రెషన్ అన్నారు, మందులు పనిచేయలేదు. రెండో సైకియాట్రిస్టు అమ్మను పిలిపించి నా బాల్యం గురించి అడిగారు. “కుక్కర్ కూత వేస్తే వీధిలోకి పరిగెత్తేదండీ. కానీ ఎంత తెలివైనదంటే, వాళ్ల పెద్దమ్మ కూతురు ఎలా నవ్వితే అచ్చం అలాగే నవ్వేది,” అని అమ్మ మురిపెంగా చెప్పింది. ఆయన రాయడం ఆపి నావైపు చూశారు. అది ఆటిజమని, ఇతరులను అనుకరిస్తూ దాన్ని ఇన్నేళ్లు దాచిపెట్టిన అలసటే ఇప్పటి జబ్బని తేల్చారు.

ఎంబీబీఎస్‌లో రెండు వారాలు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో పోస్టింగు చేసినదాన్నే. అయినా ఆటిజమంటే మాటలు రాని మగపిల్లవాడే నా తలలో మెదిలేవాడు. ఆటిజం గురించి 1943లో తొలి పరిశోధన పత్రాల్లో ఒకటి రాసిన మానసిక వైద్యుడు లియో కానర్ వర్ణించిన 11 మంది పిల్లల్లో ముగ్గురు ఆడపిల్లలని ఆ తరువాతే చదివాను. శబ్దాలు భరించలేకపోవడం కూడా 2013లో, అమెరికా మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథమైన డీఎస్ఎం-5తోనే ఆటిజం రోగనిర్ధారణ ప్రమాణాల్లోకి ఎక్కింది.

మూడు నెలలు సెలవు పెట్టాను. నయం కావలసింది అలసటే గాని ఆటిజం కాదు. మొదటి నెలంతా నిద్రలో గడిచింది. అమ్మ కుక్కర్‌ను అటకెక్కించి, గిన్నెలో ఎసరు పెట్టి గంజి వార్చడం మొదలుపెట్టింది. ఆరో వారంలో మజ్జిగన్నం తింటూ “ఉప్పు” అన్నాను. అమ్మ ఉప్పు డబ్బా జరిపిందే తప్ప ఏమీ అనలేదు.

తిరిగి చేరినప్పుడు, “డాక్టర్‌కు ఆటిజమేమిటమ్మా?” అన్న మా ఆసుపత్రి పెద్దాయనకు, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉన్న చోటు చూపించవలసి వచ్చింది. ఇప్పుడు బంధువులతో వరండాలో కాక పక్క గదిలో, ఒక్కో కుటుంబంతో విడిగా, చెప్పవలసినవి రాసుకున్న చీటీ చూస్తూ మాట్లాడతాను. కేసులు ఎక్కువైన రోజు సాయంత్రానికి గొంతు సన్నగిల్లుతుంది. అప్పుడు సిస్టర్ ఏమీ అడగకుండా ఆ చీటీ తీసుకుని వాళ్లకు చదివి వినిపిస్తుంది.