కెగ్‌లో మాగే నల్ల బీరు

ఇంట్లో కాచిన నల్ల బీరును కెగ్‌లోకి, అంటే గ్యాసు పీడనంతో బీరును నిల్వ ఉంచే ఉక్కు పీపాలోకి, ఎక్కించిన వారానికే రుచి చూస్తే, మాడిన బార్లీ చేదూ, పొట్టు వగరూ, కరిగిన కార్బన్ డయాక్సైడ్ పుల్లటి కాటూ ఒకదానిపై ఒకటి పడి, ఏ రుచి ఎక్కడిదో తేల్చుకోవడం కష్టమవుతుంది. నెల గడిచాక అదే బీరు ఎంతో నెమ్మదిస్తుంది. ఆ మార్పులో పెద్ద వాటా మడ్డి దిగి బీరు తేరడానిదేనని నా అభిప్రాయం. పొట్టు నుంచి వచ్చిన, వగరునిచ్చే పాలీఫినాల్స్ అనే పదార్థాలు చల్లదనంలో ప్రోటీన్లతో జతకట్టి, ఈస్ట్‌తో పాటు అడుగుకు దిగిపోతాయి. కెగ్‌లోని గొట్టం అడుగు నుంచే బీరును లాగుతుంది కనుక తొలి గ్లాసు బురదలా మసకబారి, ఈస్ట్ చేదుతో వస్తుంది. దానిని పారబోసి రెండవ గ్లాసుతోనే బీరును అంచనా వేయాలి. అప్పటికీ కటువుగా తోస్తే, వయసు చాలలేదనుకునే ముందు గ్యాసు పీడనాన్ని కాస్త తగ్గించి చూడడం మంచిది, ఎందుకంటే గ్యాసు ఎక్కువైన కొద్దీ మాడు చేదు మరింత పదునెక్కుతుంది.

ఆ తరువాతి మార్పులు నిదానంగా సాగుతాయి. బీరులో వేసే హాప్స్ పూల చేదుకు మూలమైన ఐసో ఆల్ఫా ఆమ్లాలు క్రమంగా విచ్ఛిన్నమవుతాయి. చక్కెర రవ్వంత పెరగకపోయినా, చేదు తగ్గినందువల్ల మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తియ్యదనం ముందుకు వస్తుంది.

అసలు చిక్కు ఆక్సిజన్‌తోనే. ఉక్కు కెగ్‌లోకి వెలుతురు చొరబడదు గనుక ఎండ తగిలిన బీరుకు పట్టే దుర్వాసన బెడద ఉండదు కానీ, నింపేటప్పుడు చేరిన గాలి మాత్రం నెలల తరబడి పని చేస్తూనే ఉంటుంది. లేత రంగు బీరులో అది తడిసిన అట్టముక్క వాసనగా బయటపడుతుంది. ఘాటైన నల్ల బీరులో కొంతవరకు ఎండుద్రాక్ష, ఖర్జూరం, షెర్రీ వైను ఛాయలుగా మారి మెప్పిస్తుంది, హద్దు దాటితే అక్కడా అట్టముక్క వాసనే మిగులుతుంది. అందువల్ల కెగ్‌ను ముందుగా శానిటైజర్‌తో (పాత్రల్లోని క్రిములను చంపే ద్రవంతో) అంచుదాకా నింపి, దానిని కార్బన్ డయాక్సైడ్‌తో బయటకు నెట్టి, ఆ ఖాళీలోకి మూసిన గొట్టం ద్వారానే బీరును పంపడం శ్రమ అనిపించినా తప్పనిసరి అంటాను. ఆపైన 30 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనం ఇచ్చి మూత రబ్బరు రింగును బిగువుగా కూర్చోబెట్టి, చుట్టూ సబ్బునీళ్లు రాస్తే, ఎక్కడైనా లీకు ఉన్నచోట చిన్న బుడగలు వరుసగా ఉబ్బుతూ కనిపిస్తాయి.

18వ శతాబ్దపు లండన్ పోర్టర్ అనే నల్ల బీరును పెద్ద కొయ్య తొట్లలో మాగబెట్టేవారు. ఆంగ్లేయుల పాత బీర్ల ప్రత్యేక రుచికి కారణమైన ఈస్ట్‌కు 1904లో డెన్మార్క్ శాస్త్రవేత్త క్లాసెన్ బ్రెటనోమైసిస్ అని పేరు పెట్టాడు. కొయ్యలా గాలిని పీల్చని, ఆ ఈస్ట్ చేరని ఉక్కు కెగ్ నుంచి అటువంటి రుచిని ఆశించడం వృథా.

ఎంతకాలం ఉంచాలన్నది ఘాటును బట్టి ఉంటుంది. 4 శాతం ఆల్కహాలున్న డ్రై స్టౌట్‌కు (తీపి తక్కువైన తేలికపాటి నల్ల బీరుకు) మాగుదలతో లాభం కన్నా నష్టమే ఎక్కువ, తేరగానే తాగేయాలి. 9 శాతం దాటిన ఇంపీరియల్ స్టౌట్ అనే ఘాటైన నల్ల బీరును 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఉంచితే ఆల్కహాలు మంట అణుగుతుంది. వెచ్చని చోట పెడితే అడుగున ఉన్న ఈస్ట్ చితికి సోయా సాస్ రుచి దిగుతుంది. అందుకే దీర్ఘకాలం ఉంచదలచిన బీరును, తేరిన తరువాత మడ్డిని వదిలి, గాలి తగలకుండా రెండవ కెగ్‌లోకి మార్చుకోవాలి. కాఫీ వేయదలిస్తే, దాని పరిమళం త్వరగా పోతుంది కనుక, తాగబోయే ముందు వారంలో వేస్తే చాలు.