కాంటా మీద నిలబడ్డప్పుడు

చిన్నప్పుడు నాకు జబ్బు చేస్తే అమ్మ మేడారం సమ్మక్కకు నిలువెత్తు బంగారం (అక్కడ బెల్లాన్నే బంగారం అంటారు, మనిషి బరువుకు సరిపడా బెల్లం) మొక్కింది. ఆ మొక్కు తీరకముందే పోయింది. ఆమె చివరి రోజుల్లో నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. అప్పటి నుంచి ఏ పనిలో ఉన్నా లోపల ఒకటే మాట: కన్నతల్లిని చూసుకోనిదానివి. "అక్క బాకీ ఉంచిపోయింది, తీర్చొద్దాం పా" అని చిన్నమ్మే బయల్దేరదీసింది.

రెండేళ్లకోసారి మాఘ పున్నానికి వచ్చే జాతరలో ఆ జనాన్ని చిన్నమ్మ మోకాళ్లు తట్టుకోలేవు. అందుకే ముందే వెళ్లాం. ములుగు దగ్గర గట్టమ్మకు కొబ్బరికాయ కొట్టి, పస్రా, తాడ్వాయి దాటి అడవిలోకి.

జంపన్న వాగులో స్నానం చేసి ఒడ్డున కూర్చున్నాక చిన్నమ్మ ఎప్పటి కథే చెప్పింది. కరువులో కప్పం కట్టలేమన్న కోయల మీదికి కాకతీయ సైన్యం వచ్చింది. సమ్మక్క కొడుకు జంపన్న పోరాడి, ఓడి, సంపెంగ వాగులో దూకాడు. ఆయన పేరే వాగుకు నిలిచింది. ఎన్నోసార్లు విన్నదే, కానీ ఈసారి నన్ను పట్టి ఆపింది. ఆయన ఓడిన సంగతి ఎవరూ దాచరు, గెలిచినట్టు మార్చి చెప్పరు. చేతకానివాడనీ అనరు. కరువుంది, సైన్యం పెద్దది, పోరాడాడు, ఓడాడు. ఉన్నది ఉన్నట్టు. నేను నాకు చెప్పుకునే కథలో కరువూ లేదు, సైన్యమూ లేదు, తీర్పు ఒక్కటే ఉంది.

అక్కడే కూర్చుని మొత్తం చెప్పుకున్నాను. అమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. మందుల ఖర్చు, ఆస్పత్రికి తిప్పే ఖర్చు నా జీతంలోంచే వెళ్లేవి, ఉద్యోగం మానే దారి లేదు. చాలా శనివారాలు రాత్రి బస్సెక్కి వచ్చేదాన్ని. ఇది నిజం. కొన్ని వారాలు వీలుండి కూడా రాలేదు, అమ్మను ఆ మంచం మీద చూడలేక. ఇదీ నిజం. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టెయ్యాలని ఈసారి అనిపించలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

బెల్లం దుకాణంలో కాంటా ఎక్కబోతుంటే చిన్నమ్మ ఆపింది.

"సంచి దించు బిడ్డా, చెప్పులిడువు. నువ్వెంతుంటే అంతే. తక్కువైతే మొక్కు తీరది, ఎక్కువ తల్లి అడగలే."

58 కిలోలు. ఇంత పిల్లనున్నప్పుడు నా ప్రాణానికి బదులుగా అమ్మ ఒప్పుకున్న బరువు. అప్పటికి నేను ఎవరికీ ఏమీ చేసి పెట్టలేదు. ఉంటే చాలనుకుని మొక్కింది. ఆ మనిషి పేరు చెప్పి నన్ను నేను ఎట్లా తిట్టుకుంటున్నాను?

గద్దెల దగ్గర బంగారం, పసుపు, కుంకుమ సమర్పించి, ప్రసాదంగా కొంత బెల్లం మూటగట్టుకుని బయటికొచ్చాం. తిరుగు బస్సులో, ఇన్నాళ్లూ అడగడానికి భయపడ్డది చిన్నమ్మను అడిగాను.

"నేను రాని వారాలు అమ్మ నన్ను అడిగిందా?"

"అడిగింది."

"కోపమైందా?"

"అయ్యింది. ఒకపూట తినలే. తెల్లారి మళ్లా, నీకిష్టమని నాతోని చింతకాయ తొక్కు నూరించింది."

ఆ తొక్కు నాకు గుర్తుంది. ములుగు వచ్చేదాకా ఇద్దరం అమ్మ సంగతులే చెప్పుకున్నాం, ఆమె మొండితనంతో సహా.