సెటిల్డ్ అంటే తీరిపోయినట్టు కాదట
మూడేళ్ల క్రితం క్రెడిట్ కార్డు బాకీ 62 వేలుంటే, రికవరీ అతను ఫోన్ చేసి "35 వేలు కట్టేయండి సార్, అంతా క్లియర్" అన్నాడు. పీడ వదిలిందనుకుని కట్టేశాను. నిన్న హోమ్ లోన్ కోసం వెళ్తే, బ్యాంకు మేడమ్ నా అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టు నా వైపు తిప్పి ఒక్క మాట మీద పెన్ను పెట్టారు: ‘సెటిల్డ్’. పూర్తిగా కడితేనే ‘క్లోజ్డ్’ అట. పక్కనే డీపీడీ గడుల్లో 30, 60, 90. గడువు దాటిన రోజులవి. నేనేమో రూపాయలనుకున్నా! ‘రిటన్ ఆఫ్’ అన్నా మాఫీ కాదట, బ్యాంకు పద్దుల్లో కొట్టేయడమే, వసూలు ఆగదు. ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే రిపోర్టు ఇన్నాళ్లూ తెరిచి చూస్తేగా! మిగిలిన 27 వేలు కట్టి, బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, ‘క్లోజ్డ్’గా మార్చమని అడగాలి. సోమవారం వెళ్తున్నా.