గోడ రికార్డు

మా చిన్నమావయ్య ఓడలో ఫిట్టరు. సెలవుకి వచ్చినప్పుడల్లా మల్కాపురంలో మా ఇంటికి సెంటు సీసాలు, చాక్లెట్లు తెచ్చేవాడు. ఓసారి వాటితోపాటు ఒక ఎల్పీ రికార్డు తెచ్చాడు. తెల్లటి అట్ట, దాని మీద ఏడబ్ల్యూబీ అని మూడక్షరాలు. ఆ డబ్ల్యూని ఆడమనిషి పిరుదుల్లా గీశారు. అమ్మ చూసి "ఏట్రా ఇది?" అని అట్టని గోడవైపు తిప్పి పెట్టింది. అప్పట్నుంచి అది మా ఇంట్లో గోడ రికార్డు.

అందులోదే 'పికప్ ద పీసెస్'. పాట అనడానికి మాటల్లేవు. మధ్యలో ఆ పేరునే గట్టిగా అరుస్తారు, అంతే. నేనైతే వాయించినవాళ్లు అమెరికా నల్లవాళ్లే అనుకున్నాను. మావయ్య నవ్వి బ్యాండు పేరు చదివించాడు. యావరేజ్ వైట్ బ్యాండ్. స్కాట్లాండ్ కుర్రాళ్లు! శాక్సఫోన్లు ఊదే ఇద్దర్నీ డండీ హార్న్స్ అనేవారట. డండీ అంటే మన చిట్టివలస, నెల్లిమర్లల్లాగే ఒకప్పుడు జూట్ మిల్లుల ఊరు. నాకెందుకో అది వినగానే వాళ్లు మనవాళ్లే అనిపించారు.

పెద్దయ్యాక ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించడం మొదలుపెట్టాను. గాజువాకలో ఒక పెళ్లి రిసెప్షన్. భోజనాలు మొదలయ్యేలోపు ఏదైనా మ్యూజిక్ ముక్క వాయించమన్నారు. మా శాక్సఫోన్ మాస్టారు నేవీ బ్యాండులో రిటైరైన మనిషి, ఆయనకి 'పికప్ ద పీసెస్' వచ్చు. నాకూ వచ్చనుకున్నాను. రెండో నిమిషానికే పరుగెత్తించేశాను. గిటారు కుర్రాడు తీగల్ని అరచేత్తో అదిమి టిక్ టిక్‌మని ఒక్కో స్వరమే మీటాలి. నా స్పీడుకి అవన్నీ కలిసి గరగరలాడాయి. మాస్టారు ఊదుతూనే వెనక్కి తిరిగి ఒక చూపు చూశారు. పెళ్లికొడుకు తరఫు వాళ్లు మాత్రం చప్పట్లు కొట్టారు, అది వేరే సంగతి.

బిర్యానీ దగ్గర మాస్టారు అన్నారు: "అందులో డ్రమ్స్ కుర్రాడికి ఎక్కడా తొందర లేదు బాబూ. మళ్లీ విను."

ఆ కుర్రాడి కథ ఆయన చెబితేనే తెలిసింది. పేరు రాబీ మెకింటాష్, డండీవాడే. వీళ్ల రెండో ఆల్బమ్ టేపుల్ని ముందున్న రికార్డు కంపెనీ వద్దంటే అట్లాంటిక్ కంపెనీ వాళ్లు తీసుకున్నారు. ఆరిఫ్ మార్డిన్ ప్రొడ్యూసరు. 1974లో ఈ ముక్కని బ్రిటన్‌లో సింగిల్‌గా వదిలితే ఎవరూ పట్టించుకోలేదు. ఆ సెప్టెంబరు 23న లాస్ ఏంజెలెస్‌లో ఒక పార్టీలో కొకైన్ అనుకుని హెరాయిన్ పీల్చి రాబీ చనిపోయాడు. వయసు 24. బేస్ గిటారు వాయించే అలన్ గోరీ కూడా అదే పీల్చి పడిపోతే, గాయని షేర్ అతన్ని నిద్రపోనివ్వకుండా కాపాడింది.

1975 ఫిబ్రవరిలో అమెరికాలో అదే ముక్క నంబర్ వన్. తర్వాత బ్రిటన్‌లోనూ ఎక్కింది. అప్పటికి రాబీ సీట్లో స్టీవ్ ఫెరోన్ ఉన్నాడు. అమెరికా నల్లజాతి ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బ్యాండు వాళ్లు 'అబవ్ యావరేజ్ బ్లాక్ బ్యాండ్' అని పేరు పెట్టుకుని జవాబుగా ఒక రికార్డే వదిలారు. వెటకారమే గానీ, పట్టించుకోనివాణ్ణి ఎవరు వెటకరిస్తారు?

ఆ రాత్రి ఇంటికొచ్చి గోడ రికార్డు పెట్టాను. శాక్సఫోన్లని వదిలేసి డ్రమ్స్ ఒక్కటే పట్టుకుని విన్నాను. పైన ఎంత హడావుడి జరుగుతున్నా కింద వాడు మొదట పట్టుకున్న నడకని వదలడు. బల్ల మీద వేళ్లతో వాడితోపాటు కొట్టి చూశాను. శాక్సఫోన్ సోలో వచ్చేసరికి నా వేళ్లే ముందు.

ఇప్పుడు పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడిచేటప్పుడు ఫోన్లో పెట్టుకుంటాను. కాళీమాత గుడి దగ్గర రాబీ, నేను కలిసే బయల్దేరతాం. కురుసుర సబ్‌మెరైన్ దాటేసరికి నేను ముందుంటున్నాను.