శాంటా ఎక్కడున్నాడు? ఆన్, ఇన్, అండర్‌లతో మా డిసెంబర్

డిసెంబర్ వచ్చిందంటే చిన్నపిల్లల టీచర్లకి రెండు పనులు ఒకేసారి మీదపడతాయి. ఒకపక్క పాఠాలు లాగించాలి, ఇంకోపక్క క్రిస్మస్ ప్రోగ్రాంకి పాటలు ప్రాక్టీస్ చేయించాలి. యూకేజీ వాళ్లకి నేనైతే రెండూ కలిపేస్తాను, ఎందుకంటే ఇన్, ఆన్, అండర్ చెప్పడానికి క్రిస్మస్ చెట్టు, పశువుల పాక బొమ్మలకి మించిన సామాను స్కూల్లో ఇంకేదీ దొరకదు.

అసలు చిక్కు ఎక్కడుందో ముందు చెప్తాను. మనం 'బల్ల కింద' అన్నప్పుడు 'కింద' బల్ల తర్వాత వస్తుంది, స్పష్టంగా వినిపిస్తుంది. ఇంగ్లిష్‌లో 'ఆన్ ద టేబుల్' అని మామూలుగా అనేస్తే నొక్కంతా టేబుల్ దగ్గరే పడుతుంది, ముందున్న బుజ్జి మాటని మింగేసినట్టవుతుంది. పిల్లల చెవికి చేరేది టేబుల్ ఒక్కటే. జాన్‌స్టన్, స్లోబిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1979లో ఇంగ్లిష్, ఇటాలియన్, టర్కిష్, సెర్బో-క్రొయేషియన్ పిల్లలు ఈ మాటలు ఎలా నేర్చుకుంటారో పోల్చి చూశారు. లోపల, మీద, కింద లాంటివి అందరికీ ముందే వచ్చాయి, మధ్యన, ఎదురుగా లాంటివి తర్వాత వచ్చాయి. టర్కిష్‌లో కూడా మనలాగే ఈ మాట వస్తువు పేరు తర్వాతే వస్తుంది, అక్కడి పిల్లలు ఇంగ్లిష్ పిల్లల కంటే ముందే పట్టేశారు. కాబట్టి మన పిల్లలకి 'ఆన్' రావట్లేదని టెన్షన్ పడే అమ్మలూ, ఇలాంటి మాటలు ఇంగ్లిష్ పిల్లలకి కూడా టర్కిష్ పిల్లలకి వచ్చినంత త్వరగా రాలేదండీ.

ఇక్కడే పాట పనికొస్తుంది, అదీ ఏ పాట పడితే అది కాదు. జింగిల్ బెల్స్ వరసే తీసుకోండి. (1857లో పియర్‌పాంట్ అనే ఆయన అచ్చువేయించిన ఆ పాటలో నిజానికి క్రిస్మస్ అన్న మాటే లేదు, అది మంచులో గుర్రబ్బండి షికారు పాట. అయినా ఇప్పుడు అది లేకుండా ఏ స్కూల్లోనూ క్రిస్మస్ జరగదు.) 'జింగిల్ బెల్స్' అని పాడేటప్పుడు 'బెల్స్' దగ్గర సాగదీస్తాం కదా, సరిగ్గా అక్కడ మనకి కావలసిన మాట పెట్టేయాలి: 'శాంటాజ్ ఆన్, శాంటాజ్ ఆన్, శాంటాజ్ ఆన్ ద బాక్స్'. మాట్లాడేటప్పుడు వినపడని 'ఆన్' పాటలో అందరికంటే గట్టిగా వినపడుతుంది. 'ఇన్' కూడా అలాగే కూర్చుంటుంది. 'అండర్' వచ్చేసరికి ఆ సాగదీతని రెండు ముక్కలు చేయాలి, పిల్లలు అదేం పట్టించుకోరు.

ఇంకో పాట కూడా ఉంది, శాంటా ఇంటికప్పు మీద దిగి చిమ్నీలోంచి కిందకి వచ్చే పాట, అమెరికాలో 1864లో హాన్‌బీ అనే ఆయన రాసింది. కాగితం మీద చూస్తే మన పాఠానికి దాన్ని మించింది లేదు. కానీ టౌన్ పిల్లలకి చిమ్నీ అంటే వంటింట్లో గ్యాస్ స్టవ్ పైన ఉండేది. శాంటా అందులోంచి ఎలా దూరతాడు, లోపల ఫ్యాన్ కోసుకోదా, అమ్మ పోపు పెడుతుంటే తుమ్ములు రావా అంటూ పీరియడ్ అంతా దానికే సరిపోతుంది. నేను ఆ పాట జోలికి పోను.

ఆట విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే పిల్లలు మనల్ని భలే మోసం చేస్తారు, వాళ్లకే తెలియకుండా. ఈవ్ క్లార్క్ అనే పరిశోధకురాలు 1973లోనే చూపించింది: చిన్నపిల్లల ముందు నోరు తెరిచిన డబ్బా పెడితే మనం ఏం చెప్పినా బొమ్మని లోపలే వేస్తారు, లోపల పెట్టే వీలు లేక పైన చదునుగా ఉంటే మీద పెడతారు. అంటే అట్టపెట్టె తెరిచి పెట్టి 'ఇన్ ద బాక్స్' అంటే వాడు వెంటనే లోపల వేస్తాడు, మనం చప్పట్లు కొడతాం, వాడికేమో 'ఇన్' వచ్చిందో రాలేదో దేవుడికే తెలియాలి. తెరిచిన పెట్టె ముందు పెట్టి 'అండర్ ద బాక్స్' అనండి, అప్పుడు తెలుస్తుంది. అందుకే నేను పెట్టెని ఒకసారి వెల్లకిలా, ఒకసారి బోర్లా పెడుతూ, అడిగే మాట కూడా మారుస్తూ ఉంటాను. ఒకరు శాంటా బొమ్మని దాచాలి, మిగతావాళ్లు కళ్లు మూసుకుని జింగిల్ బెల్స్ వరసలో అడగాలి, దాచినవాళ్లు వేలుతో చూపించకుండా మాటతోనే చెప్పాలి. చూపించారా, అవుట్.

క్రిస్మస్ చెట్టు దగ్గర ఇంకో తమాషా ఉంది. మనం స్టార్ చెట్టుకి కట్టాం అంటాం, గడియారం గోడకి ఉంది అంటాం. పిల్లలు ఆ 'కి'ని పట్టుకుని 'స్టార్ టు ద ట్రీ' అంటారు. అది తప్పు అని కొట్టేస్తే లాభం లేదు, అంటుకుని ఉన్నా వేలాడుతున్నా ఇంగ్లిష్‌లో 'ఆన్' అనే అంటారని వాళ్ల చేతే బొమ్మలు కట్టిస్తూ చెప్పాలి. దీనికి రివర్స్ కూడా ఉంది. మనకి ఫ్యాన్ తల మీదే తిరుగుతుంది కాబట్టి 'ఫ్యాన్ ఈజ్ ఆన్ మై హెడ్' అని నవ్వుతూ చెప్తారు. అప్పుడొక కాగితం టోపీ నెత్తిన పెట్టి, ఇదీ ఆన్ అంటే, ఫ్యాన్ తగలట్లేదు కదా అంటే చాలు.

'బిహైండ్' చెప్పాలంటే పెట్టె, బంతి పక్కన పడేయండి, వాటికి ముందూ వెనకా ఏముంటుంది? పశువుల పాకలో మొహం ఉన్నవి బోలెడు, ఒంటె, గాడిద, గొల్లలు. ఒంటె తోక వైపు గొర్రెపిల్లని పెడితే 'బిహైండ్', మూతి దగ్గర పెడితే 'ఇన్ ఫ్రంట్ ఆఫ్'.

'అబవ్', 'బిలో', 'బిట్వీన్' మాత్రం డిసెంబర్‌లో ముట్టుకోను. సంక్రాంతికి చాలా ఇళ్లలో బొమ్మల కొలువు పెడతారు, ఆ మెట్ల మీద అవి ఇట్టే చెప్పేయొచ్చు.