బుడాపెస్ట్‌లో ఆకుపచ్చ పెన్సిలు

2017 జులై మొదటి వారంలో దుబాయి మీదుగా హంగరీ రాజధాని బుడాపెస్ట్ చేరినప్పుడు నా సంచిలో అరవై నాలుగు పేజీల నివేదిక ఒకటి ఉంది. మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువులను ఆ తరువాత ఎవరు చూసుకోవాలన్న ప్రశ్నపై మా చిన్న పరిశోధనా సంస్థ రెండేళ్లపాటు ఊళ్లు తిరిగి రాసిన నివేదిక అది. సంబంధిత కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకుని వచ్చాక, దాని గురించి మమ్మల్ని ఒక్క మాట అడిగినవారు లేరు. తప్పు వారిదేనని నేను గట్టిగా నమ్ముతున్న రోజులవి.

నేను వెళ్లింది విధాన పరిశోధనా సంస్థలలో, అంటే థింక్ ట్యాంకులలో పనిచేసేవారికి జరిగే వారం రోజుల శిక్షణకు. వచ్చినవారిలో ఎక్కువమంది జార్జియా, మల్దోవా, కిర్గిజ్‌స్తాన్, మాసిడోనియా వంటి దేశాలవారు. సోషలిస్టు వ్యవస్థ నుంచి ఎన్నికల, మార్కెట్ల వ్యవస్థకు మారుతున్న ఆ దేశాల మధ్య భారతీయుణ్ని నేనొక్కణ్నే. ఇలాంటి చదువుకు బుడాపెస్ట్ కేంద్రం కావడం వెనుక ఒక చరిత్ర ఉంది. ఏకపార్టీ పాలనలో పరిశోధన అకాడమీలలో జరిగేది, నిర్ణయం పార్టీ కార్యాలయంలో జరిగేది. ఈ సమస్యకు మరో పరిష్కారం ఉందా అని బయటివారిని అడిగే అలవాటు మంత్రిత్వ శాఖలకు లేదు. 1989లో తూర్పు ఐరోపాలో ఆ పాలనలు కూలడం మొదలయ్యాక పరిస్థితి తలకిందులైంది. మాస్కోలో 1995లో పట్టణ ఆర్థిక సంస్థ, టాలిన్‌లో 2000లో ప్రాక్సిస్ వంటివి పుట్టుకొచ్చాయి. ఆ సంస్థలలో చేరిన ఆర్థికవేత్తలకు లెక్కలు బాగా వచ్చు. తీరిక లేని మంత్రికి అర్థమయ్యేలా రాయడం, ఒక సంస్థను నడపడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆ లోటు తీర్చడానికే బుడాపెస్ట్‌లోని ఎల్‌జీఐ అనే స్థానిక పాలనా సంస్కరణల విభాగం శిక్షణలు మొదలుపెట్టి, 2002లో విధాన పత్రాల రచనపై ఒక కరదీపికను అచ్చువేసింది. 2004లో ఇలాంటి సంస్థలు కొన్ని కలిసి పాసోస్ అనే సంఘంగా ఏర్పడి ప్రాగ్‌లో కార్యాలయం పెట్టుకున్నాయి.

రెండవ రోజు ఉదయం మా శిక్షకురాలు అందరి నివేదికలనూ మార్పిడి చేయించి, నిలబడి, రెండు నిమిషాలలో ప్రధాన సిఫారసు ఏమిటో వెతికి చెప్పమన్నారు. నాది జార్జియా రాజధాని తిబిలిసీ నుంచి వచ్చిన ఒక పరిశోధకురాలి చేతిలో పడింది. ఆమె మొదటి పేజీలు తిప్పారు, చివరి పేజీలు చూశారు, మళ్లీ విషయసూచికకు వచ్చారు, అంతలో గంట మోగింది. సిఫారసులు యాభై ఎనిమిదవ పేజీలో, కాకతీయుల కాలం నుంచి సాగిన చెరువుల చరిత్ర తరువాత, పద్ధతి వివరణ తరువాత, పదకొండు పట్టికల తరువాత ఉన్నాయి. ఆమె నొచ్చుకోకుండా నవ్వి, "మా అకాడమీ పెద్దలూ ఇలాగే రాసేవారు," అన్నారు. కాకతీయులను ముందు తలుచుకోకుండా చెరువు గురించి రాయవచ్చునన్న సంగతే అంతవరకు నాకు తట్టలేదు.

మధ్యాహ్నం ఆమె ఆకుపచ్చ పెన్సిలు తీసుకుని నా సిఫారసులు ఒక్కొక్కటే చదివారు. "తగు చర్యలు తీసుకోవలసి ఉన్నది" అన్న అర్థం వచ్చే ప్రతి వాక్యం పక్కనా ఒకే మాట రాశారు: ఎవరు? తూము మరమ్మతు చేయాలి, ఎవరు? నిధులు కేటాయించాలి, ఎవరు? మన కార్యాలయ భాషలో కర్త లేని వాక్యానికి ఉన్న గౌరవం సామాన్యమైనది కాదు. అది ఎవరినీ నొప్పించదు, ఎవరినీ కదిలించదు. సాయంత్రానికి పేజీ అంచు నిండా ఆకుపచ్చ ప్రశ్నలే మిగిలాయి. కిర్గిజ్ మిత్రుడొకరు వాటిని చూసి, తన వంతుగా కింద మరో ప్రశ్న చేర్చారు: ఎంత ఖర్చు?

ఆ రాత్రి అరవై నాలుగు పేజీలను నాలుగుకు కుదించాను. చరిత్ర వదులుకోవడం తేలికే; నేను ఎండలో తిరిగి కట్టిన పట్టికలను తీసేయడమే కష్టమైంది.

ఊరు చూసినది తక్కువ. పెద్ద బజారులో దండలుగా వేలాడుతున్న ఎర్రటి పాప్రికా మిరపను చూసి ప్రాణం లేచివచ్చి పొడి కొన్నాను. రంగులో గుంటూరు మిరపే గాని, ఘాటు కోసం నాలుక మీద వేసుకుంటే తియ్యగా తగిలింది. రెండో నంబరు ట్రాము డాన్యూబ్ ఒడ్డున పార్లమెంటు పక్కనుంచి పోతుంది. దానికోసం నిలబడిన చోట్లా, గోడల మీదా, హంగరీలో పుట్టిన అమెరికా కుబేరుడు, దాత జార్జ్ సోరోస్ నవ్వు ముఖంతో ప్రభుత్వపు పోస్టర్లు. చివరి నవ్వు అతనిది కానివ్వకండి అన్నది వాటి సారాంశం. ఎల్‌జీఐకి డబ్బు పెట్టింది ఆయన సంస్థే. నాదోర్ వీధిలో ఆయన నెలకొల్పిన సెంట్రల్ యూరోపియన్ విశ్వవిద్యాలయపు కొత్త భవనం ముందునుంచి రోజూ నడిచివెళ్లేవాణ్ని. ఏప్రిల్‌లోనే దానిని ఇరకాటంలో పెట్టే చట్టం వచ్చింది. జూన్‌లో, ఏడాదికి 72 లక్షల ఫోరింట్లకు మించి విదేశీ నిధులు పొందే సంస్థలు ఆ మాటను తమ ప్రచురణలపై చాటుకోవాలన్న మరో చట్టం ఆమోదం పొందింది. మన విదేశీ విరాళాల నియంత్రణ చట్టపు లెక్కలతో ఏటా కుస్తీపట్టే నాకు ఆ వార్త కొత్తగా అనిపించలేదు.

అందువల్ల నిధుల గురించిన తరగతి పుస్తకంలో ఉన్నట్టు సాగలేదు. 2004లో ఐరోపా సమాఖ్యలో చేరిన దేశాలనుంచి పాశ్చాత్య దాతలు తూర్పుకు తరలిపోతే, అక్కడి సంస్థలు ప్రభుత్వ కాంట్రాక్టులపై బతకవలసివచ్చింది. జీతమిచ్చేవారి విధానాన్ని విమర్శించడం ఎలా అన్నది వారి చిక్కు. దాత ఉన్నచోట, దాత ఎజెండాయే పరిశోధన ఎజెండా అవుతుందన్నది మిగిలినవారి చిక్కు. ఆంక్షలు లేని కొంత సొమ్ము నిల్వ ఉంచుకోవాలని, విడుదలకు ముందు ప్రతి పత్రాన్నీ బయటి నిపుణుడొకరు చదవాలని శిక్షకురాలు చెప్పారు. రెండవది మేము రాసుకున్నాం. మొదటిది విని ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. వాక్యం దిద్దడం వారంలో నేర్పవచ్చు గాని, దిద్దిన వాక్యాన్ని నిర్భయంగా అచ్చువేసే వీలును ఏ తరగతీ ఇవ్వలేదని నాకు ఆ గదిలోనే తెలిసింది. మరుసటి ఏడాది సోరోస్ సంస్థ తన కార్యాలయాన్ని బెర్లిన్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించింది; 2019లో ఆ విశ్వవిద్యాలయం వియన్నాలో తరగతులు మొదలుపెట్టింది. ఆ రెండు చట్టాలూ ఐరోపా సమాఖ్య నియమాలకు విరుద్ధమని సమాఖ్య న్యాయస్థానం 2020లో తీర్పులిచ్చేనాటికి నాదోర్ వీధిలో విద్యార్థులు పలచబడ్డారు.

హైదరాబాద్ తిరిగివచ్చాక నాలుగు పేజీల పత్రాన్ని పట్టుకుని మళ్లీ ఒక అధికారి దగ్గరికి వెళ్లాను. ఆయన కూర్చోమనలేదు, తానూ కూర్చోలేదు. కారు వచ్చేలోపు వరండాలో నిలబడే మొదటి పేజీ చదివి, రెండవది తిప్పి, కళ్లద్దాల మీదుగా చూస్తూ అడిగారు:

"ఒక్కో చెరువుకు ఏటా ఎంతవుతుందండీ?"

మూడవ పేజీ తిప్పమన్నాను.