జీడి కార్ఖానాకి వెళ్ళొచ్చా?

మస్కట్‌లో క్యాన్సర్ వార్డు నర్సుకి సెలవంటే పూర్తి సెలవేం కాదు. కీమో ఎక్కించే లైన్ల (నరంలో పెట్టే సన్నటి గొట్టాల) మీద ఆన్‌లైన్ ట్రైనింగ్ గడువులోగా ముగించకపోతే తిరిగెళ్ళాక వాటిని ముట్టుకోనివ్వరు. అందుకే పలాసలో అమ్మవాళ్ళింట్లో కూడా ల్యాప్‌టాప్ తెరవాల్సొచ్చింది. మస్కట్‌లో రాత్రి ఎనిమిదికి మొదలయ్యే క్లాసు మనకి తొమ్మిదిన్నరకి.

చెప్పేది చాలావరకు రోజూ చేసేదే. లైన్ మూతిని ఆల్కహాల్ వైప్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనివ్వాలి. లైన్‌ని సెలైన్‌తో కడిగే ఫ్లష్‌కి 10 మి.లీ. కన్నా చిన్న సిరంజి వాడకూడదు. సిరంజి సన్నబడేకొద్దీ ఒత్తిడి పెరిగి, మూసుకుపోయిన లైన్ చీలిపోవచ్చు. డాక్సోరూబిసిన్ లాంటి కీమో మందు నరం బయటికి కారితే కండ కుళ్ళిపోతుంది. అప్పుడు కంగారుపడి సూది పీకెయ్యకూడదు. మందు ఆపి, ఆ సూదిలోంచే వచ్చినంత వెనక్కి లాగాలి. ఆ మందుకి ఐస్ ప్యాక్, విన్‌క్రిస్టిన్ అనే ఇంకో కీమో మందుకి వెచ్చటి కాపడం. పరీక్షలో ఈ రెండూ తారుమారు చేసి అడుగుతారు, అదో టెన్షన్.

కానీ పోర్ట్‌లో (మందెక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న డబ్బీలో) గుచ్చిన సూది అడుగుకి తగిలిందని వేళ్ళకి తెలియాలి, స్క్రీన్‌కి కాదు. పాసైనా సీనియర్ ముందు చేసి చూపించేదాకా సంతకం పెట్టరు. అలా ఉండడమే మంచిది.

ఒక రాత్రి మా వీధి పిన్ని వచ్చింది. రైల్లో విశాఖ వెళ్ళి కీమో చేయించుకుంటోంది, చేతికి పిక్ లైన్ (చేతి నరంలోంచి లోపలికి పెట్టే పొడుగాటి గొట్టం) ఉంది. స్క్రీన్ చూసి, "ఇదేటమ్మా, నా గొట్టమే సూపిస్తన్నారు! ఇది గుండెలోకెల్లిపోద్దేటి?" అంది.

"గుండె పైనున్న పెద్ద సిర దాకానే పిన్నీ. అక్కడ రక్తం జోరుగా పారుతుంది కదా, మందు పలచబడి నరం కాలదు" అన్నాను.

జాకెట్టు చెయ్యి పైకి తీసి చూస్తే, చెమటకి డ్రెస్సింగ్ అంచు లేచిపోయి ఉంది. దాని మీద ఎవరో మామూలు ప్లాస్టర్ అంటించారు. ఏడు రోజులకోసారి మార్చాలని తెలుసు ఆవిడకి. అంచు లేస్తే ఏడు రోజులు ఆగకూడదనే సంగతి మాత్రం తెలీదు. ఏసీ వార్డులో మాకీ సమస్య అంతగా కనపడదు. పొద్దున్నే వెళ్ళి మార్పించుకోమన్నాను. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వద్దనీ, వణుకుతో జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలనీ అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి, ఆరోగ్యశ్రీ ఫైల్లో పెట్టించాను.

అన్నీ విని, "మరి జీడి కార్ఖానాకి పన్లోకెల్లొచ్చా?" అంది.

మా ట్రైనింగ్‌లో ఈత వద్దని ఉంది, బరువులెత్తొద్దని ఉంది. జీడిగింజలు కొట్టడం గురించి ఎక్కడా లేదు. ఆ గింజల నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, ఆ పని మాత్రం వద్దన్నాను. కూర్చుని పప్పు ఏరే పనైతే డాక్టర్నడిగి వెళ్ళమన్నాను. ఏరడానికి కూలీ తక్కువిస్తారని గొణుక్కుంటూ వెళ్ళింది.